పోయినవాళ్ళను తలుచుకోవడానికి బయటికే ఎందుకు వెళ్తాం?

విస్తరాకులో అన్నం ముద్ద, దాని పక్కన పోయినాయనకి ఇష్టమైన గారెలు. తెలంగాణ పల్లె అయితే సీసాలో కాస్త కల్లు, ఓ బీడీ కట్ట కూడా. అవన్నీ పెట్టి జనం పది గజాలు వెనక్కి జరుగుతారు. కాకులు పక్కనున్న తుమ్మచెట్టు మీదే ఉన్నాయి, చూస్తున్నాయి, దిగడం లేదు. ఎండ ఎక్కుతుంటుంది. కాసేపటికి ఎవరో గొణుగుతారు, "మనసులో ఏదో పెట్టుకున్నాడు" అని. ఇంకొకాయన చిన్నకొడుకు వైపు చూస్తాడు. చివరికి అల్లుడో తమ్ముడో ఒక అడుగు ముందుకేసి, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టే పైకి అంటాడు: "నీ మనవరాలి పెళ్ళి మేం చేస్తాం మామా, నువ్వు దిగులు పెట్టుకోకు."

ఈ ఘట్టం మీద 2023లో 'బలగం' సినిమా కూడా వచ్చింది కాబట్టి తెలియనివాళ్ళు తక్కువ. నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసేది మాత్రం కాకి రాకపోవడమే. అది వెంటనే దిగి తినేసి ఉంటే ఆ మాట ఎవరూ అనేవాళ్ళు కాదు. పెద్దాయన బతికుండగా పదిసార్లు అడిగి ఊరుకున్న సంగతి, ఆ పావుగంట ఆలస్యం వల్ల నలుగురి ముందు మాటగా బయటికొచ్చింది. సాక్షులున్నారు. ఇక వెనక్కి తీసుకోవడం కష్టం.

కాకి దిగకపోవడానికి కాకి కారణాలు కాకికి ఉంటాయి. కొత్త వస్తువు కనిపిస్తే అది తొందరపడదు, మనుషులు గుంపుగా ఉంటే అసలే రాదు. అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో కొన్ని కాకులను పట్టి వదిలింది. పట్టుకున్నవాళ్ళు మొహానికి ముసుగు తగిలించుకున్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ముసుగుతో ఎవరు కనిపించినా కాకులు మీదికొచ్చి అరిచాయి. చచ్చిన కాకి చుట్టూ మిగతావి చేరి గోల చేయడం మనమందరం చూసిందే. దాన్ని ఏడుపు అనుకుంటాం. అక్కడ పొంచి ఉన్న ప్రమాదమేమిటో తెలుసుకోవడం అందులో పెద్ద భాగమని అదే విశ్వవిద్యాలయంలో తర్వాత జరిగిన పరిశోధన చెబుతోంది. మొత్తానికి మన పెద్దాయన సంగతి కాకికి పట్టదు. అల్లుడికి నోరు పెగిలింది కూడా అందుకేనని నాకనిపిస్తుంది. పరామర్శకు వచ్చిన బంధువుల ముందు ఆ మాట రాలేదు. వాళ్ళకు అతని సంగతి పడుతుంది, వాళ్ళు రేపు అడుగుతారు. కాకి అడగదు.

"ప్రకృతి ఒడిలో సేదతీరండి, గాయాలు మానిపోతాయి" అని వాట్సాప్‌లో సూర్యోదయం బొమ్మతో వచ్చే మాటలు నాకు ఎప్పుడూ నచ్చవు. చెట్టు ఎవరినీ ఓదార్చదు. నదికి మన తండ్రి పేరు తెలియదు. అయినా మనవాళ్ళు చావుకు సంబంధించిన ప్రతి పనినీ ఏటి ఒడ్డుకో, చెట్టు కిందికో, పొలం గట్టుకో తీసుకెళ్ళారు. ఎవరూ చెప్పకపోయినా మనసు బాగోలేనప్పుడు కాళ్ళు అటే లాగుతాయి. ఆరుబయట ఏమీ పట్టించుకోని ఒక లోకం ఉంది, దుఃఖంలో ఉన్నవాడికి అక్కడే పని జరుగుతుంది. ఆ పని ఏమిటో కాస్త విడదీసి చూడాలి.

ఐదు మెట్ల లెక్క

దుఃఖం గురించి కాస్త చదివినవాళ్ళు ఇప్పటికీ చెప్పేది ఐదు దశల లెక్క: నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, దిగులు, చివరికి ఒప్పుకోవడం. 1969లో మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ రాసిన ఈ దశలు, చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి ఆమె గమనించినవి. వెనక మిగిలినవాళ్ళ కోసం పుట్టిన లెక్క కాదది. తర్వాత అందరికీ అంటగట్టారు. దాంతో "ఏడాది దాటింది, ఇంకా ఏడుపేంటి" అనేవాళ్ళ చేతికి ఒక శాస్త్రం దొరికినట్టయింది.

అంతకు ముందు నడిచింది మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ మాట. పోయినవాళ్ళ మీది మమకారాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి లాక్కుని వేరేచోట పెట్టుకోవడమే దుఃఖం చేసే పని అని ఆయన 1917లో రాశాడు. మూడేళ్ళకు ఆయన కూతురు సోఫీ చనిపోయింది. 1929లో, ఆమె బతికుంటే ముప్పై ఆరేళ్ళు నిండే రోజున, అప్పటికే కొడుకును పోగొట్టుకుని ఉన్న ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ, ఆ ఖాళీని నింపేది ఏదీ ఉండదని, అలా ఉండటమే సరైనదని ఒప్పుకున్నాడు. సిద్ధాంతం రాసినవాడే సొంత ఇంట్లో చావు చూశాక మెత్తబడ్డాడు. 1990ల నాటికి పరిశోధకులు కూడా దారి మార్చారు. పోయినవాళ్ళతో బంధం తెంచుకోనక్కర్లేదు, దాని రూపం మారితే చాలు అనే ఆలోచన 1996 తర్వాత గట్టిపడింది. తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరసగా చెప్పే ఇళ్ళలో ఈ సంగతి ఎవరికీ కొత్త కాదు.

నాకు బాగా ఉపయోగపడిన ఆలోచన మాత్రం నెదర్లాండ్స్‌లో పనిచేసిన పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పింది. దుఃఖంలో ఉన్న మనిషి రెండు గదుల మధ్య తిరుగుతుంటాడు. ఒక గదిలో పోయినవాళ్ళు ఉంటారు: ఫొటోలు, చివరి రోజులు, "ఆ రోజు ఆసుపత్రికి ఇంకో గంట ముందు తీసుకెళ్ళి ఉంటే" అనే ప్రశ్న. రెండో గదిలో బతుకు ఉంటుంది: బ్యాంకు అకౌంటు పేరు మార్పించడం, పిల్లల ఫీజు, గ్యాస్ బుకింగ్. పొద్దున ఏడ్చినవాడు మధ్యాహ్నం జోకుకు నవ్వుతాడు, నవ్వినందుకు రాత్రి సిగ్గుపడతాడు. ఇలా అటూ ఇటూ తిరగగలగడమే కోలుకోవడం అని వాళ్ళ వాదన. ఏ గదిలో ఇరుక్కుపోయినా కష్టమే. పొద్దస్తమానం ఏడ్చేవాళ్ళ గురించి మనం కంగారుపడతాం గానీ, దినకర్మల మర్నాడే ఆఫీసు లాప్‌టాప్ తెరిచి ఇక మూయని వాళ్ళను "గట్టివాడు" అని మెచ్చుకుంటాం.

ఇప్పుడు ఇంట్లో కూర్చున్న మనిషిని ఊహించుకోండి. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు: ఎలా జరిగింది, ఎన్ని గంటలకు, డాక్టర్లు ఏమన్నారు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పాలి. అది మొదటి గదిలోకి తోసి తలుపేయడమే. వాళ్ళు వెళ్ళాక ఫోను చూస్తే ఆఫీసు మెసేజీలు, అది రెండో గది. ఎటు వెళ్ళాలో మనం ఎంచుకునే వీలే లేదు. పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నప్పుడో, చెరువు కట్ట మీద నడుస్తున్నప్పుడో ఆ వీలు దొరుకుతుంది. పాదు తవ్వుతూ అమ్మను తలుచుకోవచ్చు, తలుచుకుంటూనే చీమల పుట్ట కనిపిస్తే అటు చూడొచ్చు. ఎవరూ "ఏం ఆలోచిస్తున్నావ్" అని అడగరు.

శాస్త్రం ఎంతవరకు చెప్పింది

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ప్రకృతి మేలు చేస్తుందని చెప్పేవాళ్ళు ముందుగా చూపించేది రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన పరిశోధన. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులు ఆయన పోల్చి చూశాడు. సగం మంది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు దాదాపు ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్ళారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. బాగుంది. అయితే వాళ్ళది కడుపు కోత, మనం మాట్లాడుతున్న కడుపుకోత కాదు.

మన విషయానికి దగ్గరగా వచ్చేది 2015లో స్టాన్‌ఫర్డ్ దగ్గర గ్రెగరీ బ్రాట్‌మన్ చేసిన ప్రయోగం. 38 మందిలో కొందరిని పచ్చిక, ఓక్ చెట్లు ఉన్న దారిలో, మిగతావారిని రద్దీ రోడ్డు పక్కన 90 నిమిషాల పాటు నడిపించారు. పచ్చికలో నడిచి వచ్చినవాళ్ళలో, ఒకే ఆలోచనను గిరగిరా తిప్పుకునే అలవాటు కొంత తగ్గింది. అలాంటి ఆలోచనలప్పుడు చురుగ్గా ఉండే మెదడు భాగం కూడా నెమ్మదించింది. "ఇంకో గంట ముందు తీసుకెళ్ళి ఉంటే" అన్న ప్రశ్న రాత్రంతా నిద్ర పోనివ్వని వాళ్ళకు దీని విలువ తెలుసు. కానీ ఆ 38 మందీ ఆరోగ్యంగా ఉన్న పట్టణవాసులు, ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ళుగా ఏరినవాళ్ళు కారు.

ఎందుకు నెమ్మదిస్తుంది అనేదానికి మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్టీఫెన్, రేచెల్ కప్లన్ దంపతులు ఒక వివరణ ఇచ్చారు. ట్రాఫిక్‌లో బండి నడపాలన్నా, ఫారం నింపాలన్నా మనసును బలవంతంగా ఒకచోట పట్టి ఉంచాలి. అది అలిసిపోతుంది. ఆకులు కదలడం, నీళ్ళ మీద వెలుగు పడటం లాంటివి మన దృష్టిని లాగుతాయి గానీ లాక్కుపోవు, పక్కన వేరే ఆలోచనకు చోటు మిగులుస్తాయి. టీవీ ముందు కూర్చుంటే ఈ చోటు మిగలదు. ఉత్త గోడ ముందు కూర్చుంటే మరీ ఎక్కువ మిగులుతుంది, అందులోకి దిగులొచ్చి కూర్చుంటుంది.

జపాన్ అటవీ శాఖ 1982లో మొదలుపెట్టిన అడవి స్నానం (చెట్ల మధ్య తీరిగ్గా గడపడం) గురించీ, వారానికి 120 నిమిషాలు ఆరుబయట గడిపేవాళ్ళు తాము బాగున్నామని ఎక్కువగా చెప్పారన్న 2019 నాటి ఇంగ్లండ్ సర్వే గురించీ పత్రికల్లో బాగా వస్తుంటుంది. ఆ సర్వేలో దాదాపు 20,000 మంది ఉన్నారు, నిజమే. బాగున్నవాళ్ళే ఎక్కువగా బయటికి వెళ్తారేమో అన్న అనుమానం దాంతో తీరదు. దీన్నే ప్యాకేజీగా చేసి, వికారాబాద్ వైపు రిసార్టులో రెండు రాత్రులు ఉంటే మనసు కుదుటపడుతుందని అమ్మడం మొదలైతే మాత్రం నేను పర్సు తీయను.

వాన, తిథి

ప్రకృతి మరిపిస్తుందని అనుకోవడం కూడా పొరపాటే. చాలాసార్లు అది గుర్తుచేస్తుంది, అదీ చెప్పాపెట్టకుండా.

జూన్‌లో మొదటి వాన పడగానే వచ్చే మట్టి వాసన తీసుకోండి. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఆ వాసనకు ముఖ్య కారణం. లక్ష కోట్ల భాగాల్లో కొన్ని భాగాలున్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. చూపు, వినికిడి కబుర్లు మెదడు మధ్యలో ఒక మజిలీ చేసి వెళ్తే, వాసన మాత్రం ఆ మజిలీ లేకుండా భావోద్వేగాలను, జ్ఞాపకాలను చూసుకునే భాగాల దగ్గరికి చేరుతుంది. అందుకే ఆఫీసు నుంచి బయటికొచ్చి పార్కింగ్‌లో నిలబడ్డ మనిషికి, వాన వాసన తగలగానే విత్తనాల సంచి భుజాన వేసుకుని నిలబడ్డ నాన్న ఒక్కసారిగా ఎదురవుతాడు. అతను నాన్న గురించి ఆలోచించడం లేదు. క్యాబ్ ఎప్పుడొస్తుందా అని ఆలోచిస్తున్నాడు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఈ వాసనను అత్తరుగా దించి సీసాల్లో అమ్ముతారు. మన జ్ఞాపకం ఎవరికి ఎప్పుడు తగులుతుందో మాత్రం సీసాలో పట్టడం కష్టం.

వేసవిలో మామిడికాయ ముక్కలు కొట్టే చప్పుడు, కార్తీకంలో తెల్లవారుజాము చలి, కోత కోసిన వరి మడి వాసన, ఇలా ప్రతి ఇంటికీ ఒకటుంటుంది. మనిషి పోయిన నెల మళ్ళీ దగ్గర పడుతుంటే కారణం తెలియకుండానే చికాకు, నిద్రలేమి వస్తాయని మానసిక వైద్యులు గమనించారు. క్యాలెండర్ చూడకపోయినా వెలుతురు మారడం, గాలి మారడం ఒంటికి తెలుస్తుంది.

మన పంచాంగం ఈ విషయంలో ఒక మంచి పని చేసింది. ఏటా తద్దినం ఇంగ్లీషు తేదీకి కాకుండా తిథికి పెడతాం. బహుళ సప్తమి నాడు పోయినవారికి ప్రతి ఏటా అదే మాసంలో బహుళ సప్తమి నాడే. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులది కాబట్టి తద్దినం ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, అధిక మాసం వచ్చిన ఏడు మళ్ళీ వెనక్కి సర్దుకుంటుంది. ఉద్యోగస్తులకు సెలవు పెట్టుకోవడానికి ఇది చిరాకు. కానీ ఆ రాత్రి లేచి చూస్తే, అర్ధరాత్రి ప్రాంతంలో సగం చెక్కిన చంద్రుడు వస్తాడు. ఆ మనిషి పోయిన రాత్రి కూడా ఇంచుమించు అదే చంద్రుడు, అదే వేళకు, అదే రుతువులో. ఆగస్టు 9 అనే అంకెకు ఆకాశంలో ఏ గుర్తూ ఉండదు.

పెత్రమాస పొద్దున, ఎంగిలిపూల సాయంత్రం

తెలంగాణలో భాద్రపద అమావాస్య రోజు పొద్దున్నే పెద్దలకు బియ్యం ఇస్తారు. చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టుకుని పోయినవాళ్ళ పేర్లు చెప్పి దానం చేస్తారు. అది పెత్రమాస, పోయినవాళ్ళ రోజు. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. తొమ్మిది రోజుల పూల పండుగ మొదలయ్యేది ఆ రోజే. ఈ రెండూ ఒకే రోజున పడటం గురించి చిన్నప్పటినుంచీ చూస్తున్నవాళ్ళు పెద్దగా ఆలోచించరు. బయటినుంచి చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది.

పూల కోసం పోవడం దగ్గర కాసేపు ఆగుదాం. వానాకాలం చివర కావడంతో చేల గట్ల మీద గునుగు నిలువెత్తున ఉంటుంది. రైతుకు అది కలుపు మొక్క, పత్తి చేలో కనిపిస్తే పీకేస్తాడు. ఆ రోజు మాత్రం దానికి గిరాకీ. కింద తెల్లగా, కొనలో లేత గులాబీ రంగులో ఉండే కంకులను కట్టలు కట్టి తెస్తారు, చివర్లు సమంగా కత్తిరించి కొన్నిటిని రంగు నీళ్ళలో ముంచుతారు. తంగేడు బీడు భూముల్లో, రోడ్డు పక్కన దొరుకుతుంది. దాని పసుపు చేతులకు అంటుతుంది. ఆ ఏడాది ఇంట్లో మనిషి పోయి ఉంటే ఆ ఇంటి ఆడపడుచు పొద్దున ఏడ్చి ఉంటుంది. మధ్యాహ్నం ఇరుగింటి పిల్లలతో పాటు పూలకు పోతుంది, లేదా వాళ్ళు తెచ్చిన పూలను తాంబాళంలో వరసలు పేరుస్తూ కూర్చుంటుంది. ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు, మధ్యలో ఆకులు కూరి గట్టిగా అదమాలి, లేకపోతే ఒరిగిపోతుంది. పక్కనున్నావిడ "మీ అమ్మ పేరిస్తే ఎంత ఎత్తు లేచేదో" అంటుంది. ఆ మాటతో కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, చేతులు ఆగవు.

స్ట్రోబ్, షుట్ చెప్పిన రెండు గదులూ ఇక్కడ ఒకే రోజులో ఉన్నాయి, మధ్యలో తలుపు తెరిచే ఉంది. దీన్ని ఎవరో మనస్తత్వ శాస్త్రం చదివి ఏర్పాటు చేశారని నేననను. వానలు వెనక్కి తగ్గే వేళ, పూలు విరగబూసే వేళ, అమావాస్య, ఇవన్నీ కలిసిన చోట పండుగ కుదిరింది.

ఆంధ్ర వైపు సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టడం కూడా ఇలాంటిదే, కొత్త ధాన్యం ఇంటికొచ్చిన వేళకు. కథోలిక క్రైస్తవ కుటుంబాలు నవంబరు 2న సమాధుల పండుగ చేసుకుంటాయి. ముందురోజు గడ్డి పీకి, సున్నం వేసి, సాయంత్రం బంతిపూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తారు. షబే బరాత్ రాత్రి ముస్లిం ఇళ్ళవాళ్ళు ఖబరస్తాన్‌కు పూలు తీసుకెళ్తారు. అన్నిచోట్లా చేతికి ఏదో ఒక పని ఉంటుంది. ఊరికే కూర్చుని తలుచుకోమని ఎవరూ చెప్పలేదు.

సొంత పొలంలోనే సమాధి కట్టుకునే అలవాటు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. బోరు మోటారు వేయడానికి రాత్రిపూట కరెంటు వేళకు వెళ్ళిన కొడుకు, నీళ్ళు మడికి పారేదాకా నాన్న సమాధి అరుగు మీద కూర్చుంటాడు. ఫోన్ చూసుకుంటాడు, పంట గురించి లెక్కలు వేసుకుంటాడు, ఒక్కోసారి పైకే నాలుగు మాటలు మాట్లాడతాడు. దాన్ని సంతాపం అని అతను అనుకోడు. ఇప్పుడు ఊళ్ళ చుట్టూ పొలాలు వెంచర్లు అవుతుంటే ఈ సమాధుల సంగతి పెద్ద చిక్కు అయింది. ఎకరం ధర మాట్లాడుకునేటప్పుడు ఆ రెండు గజాల దగ్గర బేరం ఆగిపోయిన ఇళ్ళు ఉన్నాయి. తవ్వి వేరేచోటికి మార్చాలా, ప్లాటుగా వదిలేయాలా అని అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళూ ఉన్నాయి.

నీళ్ళే తీసుకెళ్ళినప్పుడు

ఇంతవరకు చెప్పిందాన్ని అందరికీ వర్తింపజేస్తే అన్యాయం అవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. మిగిలినవాళ్ళు అదే సముద్రం మీద మళ్ళీ వేటకు వెళ్ళారు, వెళ్ళక తప్పదు. వాళ్ళతో అలల చప్పుడు మనసుకు హాయినిస్తుందని చెప్పగలమా? 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజు, పెద్దలకు పిండాలు పెట్టుకోవడానికి, స్నానాలకు వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి రాజమహేంద్రవరంలో పాతిక మందికి పైగా చనిపోయారు. 2027లో మళ్ళీ పుష్కరాలు. అందరూ పుణ్యం కోసం వెళ్ళే ఆ రేవు, కొన్ని కుటుంబాలకు అమ్మ పోయిన చోటు. చెరువులో ఈతకు దిగి పిల్లవాడు పోయిన ఇంట్లోవాళ్ళు ఆ కట్ట మీదుగా వెళ్ళకుండా చుట్టూ తిరిగి పోతారు. అది బలహీనత కాదు.

మరి నీళ్ళ మీద కోపం ఉన్నవాళ్ళు ఏం చేస్తారు? జపాన్‌లో ఒట్సుచి అనే తీర పట్టణంలో, ఇతారు ససాకి అనే ఆయన 2010లో తన తోటలో ఒక తెల్ల టెలిఫోన్ బూత్ పెట్టుకున్నాడు. లోపల పాత నల్ల ఫోను. తీగ ఎక్కడికీ కలపలేదు. చనిపోయిన తన కజిన్‌తో మాట్లాడటానికి పెట్టుకున్నది. మరుసటేడు మార్చి 11న వచ్చిన సునామీలో ఆ ఒక్క పట్టణంలోనే వెయ్యి మందికి పైగా పోయారు. ససాకి తోటను అందరికీ తెరిచాడు. జనం వచ్చి రిసీవర్ ఎత్తి, పోయినవాళ్ళతో మాట్లాడి వెళ్తారు. ఆ తోట ఉన్న గుట్ట మీదినుంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది. దాని ఎదురుగానే, కానీ దాని ఒడ్డున కాకుండా, మొక్కల మధ్య, తలుపు వేసుకుని. ఎంత దూరంలో నిలబడితే మాట్లాడగలమో వాళ్ళు వెతుక్కున్నారు.

మన దగ్గర ఇంకో చేదు నిజం ఉంది. ఏటి ఒడ్డు ఓదార్పు అందరికీ సమానంగా అందలేదు. ఆడవాళ్ళను శ్మశానానికి రానివ్వని ఇళ్ళు ఇప్పటికీ చాలా ఉన్నాయి. భర్త పోయినావిడను పదో రోజున నీళ్ళ రేవుకు తీసుకెళ్ళి గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, తలలో పూలు తీసేసిన ఆచారం ఉంది చూడండి, అదీ ప్రకృతి మధ్యలోనే జరిగింది. చేతినిండా పూలు పట్టుకునే హక్కు సరిగ్గా ఆమెకు అవసరమైన వేళకే తీసేశారు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించింది అదే గోదావరి ఒడ్డున ఉన్న రాజమహేంద్రవరంలో. దాదాపు నూటనలభై ఐదేళ్ళయింది. భర్త పోయిన ఆడమనిషి సాయంత్రం పూట ఒక్కతే పార్కులో నడిస్తే ఇప్పటికీ వెనక నుంచి ఏదో మాట వినిపిస్తుంది. నడక మంచిదని ఆమెకు సలహా ఇచ్చేముందు ఆ మాట అనేవాళ్ళ సంగతి చూడాలి.

ఊరు దాటినవాళ్ళకు

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్ళకు చావు ఫోన్‌లోనే వస్తుంది. టికెట్ దొరక్క వీడియో కాల్‌లో చితి చూసినవాళ్ళు ఎందరో. 2021 కరోనా రోజుల్లో పక్క వీధిలో ఉన్నవాళ్ళకూ అదే గతి పట్టింది. వాళ్ళకు వేదన ఎంత ఉంటుందో, తలుచుకోవడానికి ఒక చోటు లేకపోవడం కూడా అంత బాధగా ఉంటుంది. పన్నెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఏరు పనికిరాదు. ఇంటి దగ్గరున్న చెరువునో, రోజూ నడిచే దారిలో ఒక చెట్టునో మనసులో అమ్మకు కేటాయించుకుని, తిథి రోజున అక్కడికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. తెలివైన పనే.

అక్కడే కన్నుమూసిన తల్లిదండ్రుల అస్థికలు కలపాలనుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అమెరికా పర్యావరణ సంస్థ నిబంధనల ప్రకారం సముద్రంలో కలపాలంటే తీరం నుంచి కనీసం మూడు నాటికల్ మైళ్ళు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలి. పూలు వేయవచ్చు, ప్లాస్టిక్‌వి కూడదు. కలిపాక 30 రోజుల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. నదులు, సరస్సుల విషయంలో ఏ రాష్ట్రం రూల్సు ఆ రాష్ట్రానివి.

నడక చాలనప్పుడు

కొందరికి ఇవేవీ పనిచేయవు. నెలలు గడిచినా ఆ మనిషి తప్ప ఇంకేదీ తోచకపోవడం, బతుకులో సగం పోయినట్టు అనిపించడం, రోజువారీ పనులు ఆగిపోవడం ఉంటే దాన్ని వైద్యులు విడిగా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న వర్గీకరణలో ఇందుకు ఆరు నెలల గీత పెట్టింది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం పెద్దవాళ్ళకు పన్నెండు నెలలు అంది. ఏడుపు ఉన్నంత మాత్రాన జబ్బు కాదు, బతుకు నడవకపోతేనే అనుమానించాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం నెలలు లెక్కపెట్టుకోకుండా వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బులు తీసుకోరు.

జ్ఞాపకంగా నాటే చెట్టు

చివరికి చాలామంది వచ్చి ఆగేది ఇక్కడే. రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్ జిల్లాలో పిప్లాంత్రి అనే ఊరికి అప్పట్లో సర్పంచిగా ఉన్న శ్యామ్ సుందర్ పాలీవాల్‌కు కిరణ్ అనే కూతురు ఉండేది. చిన్న వయసులోనే పోయింది. ఆమె పేరున ఒక చెట్టు నాటి, తర్వాత దాన్ని ఊరి పద్ధతిగా మార్చాడు: ఊళ్ళో ఆడపిల్ల పుట్టినప్పుడల్లా 111 మొక్కలు. పాలరాతి గనులు తవ్విపోసిన గుట్టల మధ్య ఉన్న ఆ ఊరు పచ్చబడింది. చెదలు పట్టకుండా మొక్కల చుట్టూ కలబంద నాటితే, ఆ కలబందే ఆడవాళ్ళకు ఆదాయం అయింది. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒకరి చావుకు నాటిన చెట్టు ఇంకొకరి పుట్టుకకు ఆనవాయితీ అయిన ఉదాహరణ నాకు ఇంకోటి తెలియదు.

మన ఇళ్ళలో ఇది ఎక్కువగా చెడేది మొక్క ఎండిపోయినప్పుడు. నాన్న పేరున పెట్టిన మొక్క చచ్చిపోతే రెండోసారి పోయినట్టే ఏడ్చినవాళ్ళను చూశాను. పెద్దకర్మ రోజున అందరూ కలిసి నాటి ఫొటో దిగుతారు. మర్నాడు కార్లు హైదరాబాద్, బెంగళూరు వెళ్ళిపోతాయి. అందుకే నాటేముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. చావు వేసవిలో జరిగితే ఆగి, జూలై ఆగస్టుల్లో వానలు పడ్డాక నాటడం మేలు. అస్థికల బూడిదను నేరుగా గుంతలో పోసి దాని మీద మొక్క పెట్టకూడదు. అందులో సున్నం, ఉప్పు ఎక్కువ, లేత వేర్లను మాడ్చేస్తుంది. పెట్టాలనే ఉంటే గుప్పెడు మాత్రం, గంపెడు మట్టిలో, పశువుల ఎరువులో బాగా కలిపి, మొక్కకు కాస్త దూరంగా వేయాలి. సమాధి అరుగుకు ఆనుకుని రావి, మర్రి వద్దు, పదేళ్ళలో వేర్లు అరుగును పగలగొడతాయి. వేప, కానుగ మొండివి, నిర్లక్ష్యాన్ని కొంత భరిస్తాయి. మనవలు కాయ తినాలని ఉంటే అంటు మామిడి పెట్టుకోవచ్చు, నాలుగేళ్ళలో కాపుకొస్తుంది, కానీ దానికి సేవ ఎక్కువ. మేకలు తినకుండా చుట్టూ కంప కట్టాలి. మొదటి రెండు వేసవులు, మార్చి నుంచి జూన్ దాకా, వారానికి రెండుసార్లయినా నీళ్ళు పోసే మనిషి ఊళ్ళో ఎవరో పేరుతో సహా అనుకుని, అవసరమైతే వాళ్ళకు నెలకు ఇంత అని ముందే మాట్లాడుకోవాలి.